ఒనొరే మామయ్య గీతలు

ద్రాక్ష కోతలు ముగిశాయన్న మాటే గాని, గిలేన్‌కి తొట్లు కడగడం, గొట్టాలు కడగడం, కడిగినవే మళ్లీ కడగడం ముగియలేదు. వైన్ చేసేవాళ్లు రోజంతా తాగుతూ కూర్చుంటారని జనం అనుకుంటారు. నూటికి తొంభై పాళ్లు అది అంట్లు తోమే పని.

ఇవాళ మామయ్య పీపాల రుచి చూస్తానన్నాడు. ఆ పని కాగానే చెప్పేయాలని గిలేన్ పొద్దుటినుంచీ అనుకుంటోంది. చలికాలం నుంచి ఈ నేలమాళిగలోకి దిగదు. బెజాన్సాన్ పట్నంలో అక్క నడుపుతున్న పూలకొట్లో చేరిపోతుంది. భర్త లియోనెల్ సరేనన్నాడు. ఇక సరేననాల్సింది ఎనభై దాటిన ఒనొరే మామయ్యే.

ఆ ఇంటికి పేరు తెచ్చింది పసుపుపచ్చ వైన్. దాన్ని ఆరేళ్లపైన పీపాలో వదిలేస్తారు, తగ్గినా పైన పోసి నింపరు. పాల మీద మీగడలా దాని మీద ఓ పొర కడుతుంది. ఆ పొర నిలిస్తే వైన్, పాడైతే వినెగర్. చెడిన పీపాని వెంటనే బయటికి దొర్లించాలి, లేకపోతే పక్కవాటికీ అంటుకుంటుంది. ఏది ఎటు పోతోందో తేల్చేది ఒనొరే నాలుక. ఊరంతా ఆ నాలుకని నమ్ముతుంది. అది కొడుక్కి రాలేదు. లియోనెల్ లెక్కలో వైనూ వినెగరూ ఒకటే, రెండూ తడిగా ఉంటాయి.

గిలేన్ పీపా అడుగున ఉన్న చిన్న కుళాయి తిప్పి రెండు గ్లాసుల్లో పట్టింది. ముందు తను పుక్కిలించి బకెట్‌లో ఉమ్మింది. తర్వాత ఆయన ఉమ్మి, బాగుందన్న గుర్తుగా సుద్దముక్కతో పీపా మీద గీత గీశాడు.

"బానే ఉంది. నీ మొహమే బాలేదు."

"కాళ్లు ఉన్నాయో లేవో తెలియట్లేదు మామయ్యా."

"నీ వయసులో నేను కోతలవగానే డాన్సుకి వెళ్లేవాణ్ణి."

"తొట్లు అత్తయ్య కడిగేది కాబట్టి వెళ్లారు."

ముసలాయన నవ్వి తర్వాతి పీపా దగ్గరికి నడిచాడు. అలా వరస సాగింది. మూలనున్న పీపా దగ్గర గిలేన్ నోట్లో పోసుకుంది, ఉమ్మింది, గోడకి ఆనుకుంది. ఆయనా ఉమ్మి గీత పెట్టాడు. అప్పుడు గాని ఆమె గొంతులో మంట తెలియలేదు.

"మామయ్యా, అది వినెగర్."

ఆయన మళ్లీ రుచి చూడలేదు. గీతని మోచేత్తో తుడిచేశాడు.

"మరి మొహం చిట్లించలేదేం?"

"నేనెందుకు చిట్లించాలి? రుచి చూసేది మీరు కదా."

ఆయన ఖాళీ పెట్టె మీద కూలబడ్డాడు. "నాకు వాసన పోయి చాలా కాలమైంది గిలేన్. అప్పుడొచ్చిన పాడు జ్వరంతో పాటే పోయింది. సూపూ సబ్బునీళ్లూ ఒకలాగే ఉంటాయి. నీ మొహం చూసే గీతలు పెడుతున్నా. ఇన్నాళ్లూ ఒక్కటీ తప్పు పోలేదు."

గిలేన్‌కి ముందు ఒళ్లు మండింది. ఊరంతా మెచ్చుకున్న ఆ తీర్పులన్నీ తనవే. అడగకుండా, చెప్పకుండా ఈయన తనని ఉద్యోగంలో పెట్టేసుకున్నాడు. కాసేపటికి ఆ కోపం పట్టుకోవడానికీ ఓపిక లేకపోయింది. జాలి మాత్రమే మిగిలింది, అది మరీ బరువుగా ఉంది.

"ఇంకా ఎన్నాళ్లు దాస్తారు?"

"నువ్వున్నన్నాళ్లు."

చెప్పాల్సింది ఇప్పుడే. ఆమె గ్లాసులు తీసుకుని కడగడం మొదలుపెట్టింది. ముసలాయన ఆమెనే చూస్తున్నాడు, పీపాల దగ్గర ఎలా చూసేవాడో అలాగే.

"ఎప్పుడెళ్తున్నావమ్మా?" అన్నాడు మెల్లిగా.

గిలేన్ మొహం పక్కకి తిప్పేసుకుంది.