వాసన లేని గ్యాసు

“ఒరే గణపతీ, ఆ సిలిండరు పేలితే కొంపంటుకుంటుందిరా!” అంది భవానీదేవి.

మస్కట్ నుంచి సెలవుకి రాజోలు వచ్చిన కొడుకు పడగ్గదిలో, పీపాలోంచి గ్లాసులోకి బీరు పట్టే డ్రాఫ్ట్ బీరు మిషను బిగిస్తున్నాడు. “ఇది వంట గ్యాసు కాదే అమ్మా, కార్బన్ డయాక్సైడు. బీరుని పైకి తోసేది. అంటుకోదు,” అని నవ్వాడు.

గ్లాసు నిండా నురగే వస్తోందని ప్రెషరు సరిచేస్తూ కూర్చున్నాడు. వీధిలోవాళ్లు చూస్తే పరువు పోతుందని ఆమే కిటికీలు మూసి, తలుపు దగ్గరకి వేసింది. గ్యాసు లీకైతే తెలుస్తుందని వంటింట్లోంచి వాసన చూస్తూనే ఉంది. ఏ వాసనా రాలేదు. కాసేపటికి లోపల అలికిడీ ఆగిపోయింది.

తలుపు తోస్తే గణపతి నేలమీద పడి ఉన్నాడు. గొట్టం బుసకొడుతోంది. చంకల కింద చేతులు వేసి అరుగు మీదకి ఈడ్చుకొచ్చింది. “నాయనా! పలకరా నాయనా!” అని ఎంత కుదిపినా ఉలుకూ పలుకూ లేదు.

బయటి గాలి తగిలిన కాసేపటికి, అతని పెదాలు కదిలాయి.

“ఊపిరాడలేదే, అమ్మా.”