జల్లెడ కౌంటరు

బస్టాండు హాల్లో వరద నీళ్ళు నడుము లోతున నిలిచిన మరుసటి ఏడు అది. ఆ ఏడు ఆయన పొద్దున్నే కౌంటరు తెరవగానే చేసే మొదటి పని, అరచేత్తో బల్ల తుడవడం. గుడ్డ ఉంది. గుడ్డతో తుడిస్తే తేమ ఎక్కడుందో తెలియదు. వరద వెళ్ళిపోయినా తేమ మాత్రం గోడల్లో కాపురం పెట్టింది. బల్ల తుడిచి, ఆ చేతిని ప్యాంటుకు రాసుకుని, కుర్చీ ముందుకు లాక్కుని కూర్చునేవాడు. పొడుగు మనిషి. కూర్చుంటే మోకాళ్ళు బల్లకి తగిలేవి, భుజాలు చెవుల దాకా వచ్చేవి. బాతాఖానీ వేసుకునే మొహం కాదు. చిల్లర అడగడానికి కూడా జనం పక్క పళ్ళ దుకాణానికి వెళ్ళేవారు.

వరదకి ముందు ఆయన సామాన్లు దాచే గదిలో పనిచేసేవాడు. ప్రయాణికుడు పెట్టె ఇస్తాడు, ఈయన బిళ్ళ ఇస్తాడు. మాటతో పనిలేని కొలువు. ప్రాణానికి హాయిగా ఉండేది. వరద ఆ గదిని ఊడ్చుకుపోయాక హాలుకి కొత్తగా రంగులు వేయించి, ఊరికే వాడుకోమని వైఫై పెట్టించి, ఓ మూల గాజు అద్దం వెనక ఈయన్ని కూర్చోబెట్టారు.

"ఏముందండీ, మూడు బొత్తాలు నొక్కడమే" అన్నాడు ఆఫీసరు.

ఆ వైఫైకి ఒక జల్లెడ ఉంది. బూతు సైట్లు తెరుచుకోకుండా పట్టేస్తుంది. ఫోన్ల కంపెనీలు కూడా అదే జల్లెడని తమ లైన్లకి బిగించుకున్నాయి. ఫోన్లో అడ్డు తీయించుకోవాలంటే సిమ్ముల షాపుకి వెళ్ళి, కార్డు చూపించి, నలుగురి ముందూ 'పెద్దవాళ్ళ సైట్లు తెరవండి' అని అడగాలి. జల్లెడ యంత్రం కదా, దానికి మంచీ చెడూ తెలియదు. ఒక్కోసారి పాపం ఎరగని సైట్లనీ పట్టేస్తుంది. అలా చిక్కుకున్నవాళ్ళు కౌంటరుకి వచ్చి చెప్పుకుంటే, ఆయన తన తెర మీద ఆ సైటు చూసి మూడింట్లో ఒకటి నొక్కుతాడు: 'సరిగ్గా మూశారు', 'తప్పుగా మూశారు', 'తెలియదు'. 'తప్పుగా' నొక్కితే పై ఆఫీసువాళ్ళు చూసుకుని పూట తిరక్కుండా తెరిచేస్తారు, హాల్లోనూ ఫోన్లలోనూ. అందుకే బస్టాండులో ఆయనకి తాళాలాయన అని పేరు పడింది.

ఆ రోజు మొదటగా వచ్చినవాడు మేకల వ్యాపారి. ఫోను అద్దానికి అంటించి చూపించాడు.

"ఏం నేరం చేశాయండీ నా మేకలు? పోతుని మేకతో కట్టించే పద్ధతి చూద్దామంటే బూతంటుంది!"

తాళాలాయన తెర చూశాడు. దొడ్డి, గడ్డి, మేకలు. 'తప్పుగా' నొక్కాడు.

"అంటే ఇకమీదట అవి సిగ్గుపడక్కర్లేదంటారా?" అన్నాడు వ్యాపారి. వెనకున్నవాళ్ళు గొల్లుమన్నారు. తాళాలాయన మీసం కూడా కదల్లేదు. తరువాత ఓ కుర్రాడు వచ్చి, చదువుకునే సైటు తెరుచుకోవడం లేదన్నాడు. ఆయన తెర వైపు చూసి, అతని వైపు చూశాడు.

"ఇదేం చదువు?"

"డాక్టరు చదువండి."

"మంచాలు లేని ఆసుపత్రి చూసుకో" అని 'సరిగ్గా' నొక్కాడు.

ఇలా మేకలకి న్యాయం చేసినవాడు సొంత భార్యకి చేయలేదు.

ఆ పొద్దున అన్నం డబ్బా చేతికిస్తూ ఆమె అడిగింది.

"మా సైటు సంగతి ఏమన్నారండీ మీ పైవాళ్ళు?"

"పంపాను. చూస్తున్నారు."

"ఎన్నాళ్ళు చూస్తారు? అదేమన్నా సైటా, సినిమానా?"

ఆయన చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. పంపానన్నది అబద్ధం. ఆమె అడిగినప్పుడల్లా అదే మాట అప్పజెప్పేవాడు. ఆమె నమ్మేది. ఆయనకి మాటలే తక్కువ, అందులో అబద్ధాలుంటాయని ఆమె అనుకోలేదు.

ఆమె ఏళ్ళ తరబడి ఇంట్లో మిషను మీద జాకెట్లు కుట్టింది. ఆమె అక్కకి జబ్బు చేసి ఒక రొమ్ము తీసేశారు. అక్క అద్దం ముందు నిలబడడం మానేసింది. అది చూడలేక చెల్లెలు ఒకవైపు జేబు పెట్టి లోపలి జాకెట్టు కుట్టి, అందులో అవిసె గింజల సంచీ అమర్చింది. బరువు సరిపోయింది గాని జాకెట్టు నిలవలేదు, ఖాళీ వైపు పైకి ఎగబాకేది. అప్పుడు బస్టాండు వెనక సందులో దుకాణం ఉన్న కటింగు మాస్టరు దగ్గరికి వెళ్ళింది. అతను గుడ్డని అడ్డంగా తిప్పి, భుజం పట్టీ వంపు మార్చి, లోపం పట్టేశాడు. అక్క మళ్ళీ అద్దం ముందు నిలబడింది. ఆ కబురు పాకి, ఎక్కడెక్కడి ఆడవాళ్ళో రాసాగారు. కొలతలు ఆమె తీసుకునేది, గుడ్డ అతను కత్తిరించేవాడు. ఎవరి చేతనో ఇద్దరూ కలిసి సైటు పెట్టించుకున్నారు. రొమ్ము అన్న మాటా, లోపలి జాకెట్ల బొమ్మలూ చూసి జల్లెడ దాన్ని పట్టేసింది. ఎవరి కోసం పెట్టారో ఆ ఆడవాళ్ళకే అది కనపడకుండా పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి సిమ్ముల షాపులో నిలబడి పెద్దవాళ్ళ సైట్లు తెరవమని అడుగుతుందా?

మాస్టరు పెళ్ళాం పోయిన మనిషి. పొట్టిగా, గుండ్రంగా, టేపు మెడలో వేసుకుని, ఎప్పుడూ ఏదో ఒకటి అంటూ నవ్వుతూ, నవ్విస్తూ ఉండేవాడు. ఆమెని చెల్లెమ్మా అనేవాడు. ఆ లెక్కన తాళాలాయన్ని, ఎంత దూరాన కనపడినా చెయ్యెత్తి, "బావగారూ!" అని కేకేసేవాడు. సందు సందంతా అది విని, గుండీల కొట్టువాడితో సహా అందరికీ ఈయన బావగారైపోయాడు. ఆ పిలుపు వినపడితే ఈయనకి ఒళ్ళు మండేది.

అనుమానమైతే బాగుండేది. నాలుగు తిట్టి, నాలుగు తిని, తేల్చేసుకునేవాడు. ఆమె అలాంటిది కాదని, అతను అలాంటివాడు కాదని ఈయనకి తెలుసు. ఈయన కుళ్ళు నవ్వు మీద. సాయంత్రం దుకాణం నుంచి వచ్చేటప్పటికి ఆమె మొహం మీద నవ్వు ఇంకా తడి ఆరకుండా ఉండేది. గడప దాటి లోపలికి వచ్చి, ఈయన్ని చూసి, "తిన్నారా?" అనేలోపు అది ఆరిపోయేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెని తను ఎప్పుడు నవ్వించాడో గుర్తు తెచ్చుకోవడానికి ఈయన కౌంటరులో కూర్చుని చాలాసార్లు ప్రయత్నించాడు. ఓసారి తను మెట్టు జారి పడినప్పుడు నవ్వింది. అది లెక్కలోకి రాదు.

ఎండ నడినెత్తికి రాకముందే ఒకామె అద్దం ముందుకి వచ్చింది. ఎండాకాలమైనా శాలువా చుట్టుకుంది. ఎక్స్‌రే కవరు ఛాతీకి ఒకవైపు అదిమి పట్టుకుంది. వెనక బెంచీ మీద ఆమె భర్త కాబోలు, ఎటో చూస్తూ కూర్చున్నాడు.

"అన్నయ్యా, ఇది తెరుచుకోవట్లేదు" అని ఫోను చూపించింది.

పేరు చూడగానే ఆయన పోల్చుకున్నాడు. భార్య సైటు.

"ఏముంటుంది ఇందులో?" అన్నాడు. అది అడగడం ఆయన పనే. ఆ రోజు మాత్రం కావాలనే అడిగాడు.

"బట్టలు... కుడతారట."

"ఏం బట్టలు?"

ఆమె కవరుని ఇంకా గట్టిగా అదుముకుంది. వెనక ఎవరైనా వింటున్నారేమోనని చూసుకుంది.

"మా ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది అన్నయ్యా. దారి ఇందులోనే ఉంటుందట. దుకాణం ఈ చుట్టుపక్కలే అంది."

దుకాణం హాలు వెనకే. ఆయన లేచి కిటికీలోంచి చెయ్యి చూపిస్తే చాలు. మాట నోటి దాకా వచ్చింది. అంతలో కళ్ళకి కట్టింది: ఈమె వెళ్తుంది, మాస్టరు ఏదో అంటాడు, ఈమె కూడా నవ్వుతుంది, పక్కన తన భార్య నవ్వుతుంది. మాట వెనక్కి పోయింది.

"మన చేతుల్లో లేదమ్మా. పైవాళ్ళు తెరవాలి."

"ఇక్కడెవరికైనా తెలుస్తుందేమో..."

"తెలీదు."

ఆమె భర్త బెంచీ మీంచి లేచి, "బస్సొచ్చింది, రా" అన్నాడు. ఆమె, "పోన్లే అన్నయ్యా" అని వెళ్ళింది. ఒక భుజం కాస్త పైకెత్తి నడుస్తోంది. అక్క కూడా అలాగే నడిచేది.

బస్సు కదిలిన చప్పుడు విన్నాక ఆయన తన తెర మీద ఆ సైటు తెరిచాడు. అప్పటిదాకా ఒక్కసారీ తెరిచి చూడలేదు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫోటో ఉంటుందని భయం. అలాంటిదేం లేదు. నాలుగు జాకెట్ల బొమ్మలు. ఒకదాంట్లో జేబు విప్పి చూపిస్తున్న ఆమె చెయ్యి, బొటనవేలి మీద సూది గుచ్చుకున్న మచ్చలు. అడుగున దారి రాసి ఉంది. ఆయన వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు.

'బస్టాండులో దిగి వైఫై కౌంటరు దగ్గర అడగండి. అక్కడ కూర్చునేది మా బావగారు. మాట తక్కువ మనిషి, మనసు మెత్తన. మొహమాటపడకండి, ఆయనే దారి చూపిస్తారు.'

రెండోసారి చదివాడు. ఇది ఆమె రాసింది కాదు, అతను రాసింది. అడగా పెట్టకుండా నన్ను ఇందులోకి లాగడానికి వీడెవడు? మెత్తనని వీడికెవరు చెప్పారు? బొత్తం మీదకి వెళ్ళిన వేలు అక్కడే ఆగింది. ఈ మాట చదివి నొక్కితే వాడి మెప్పు కోసం నొక్కినట్టవుతుంది. రేపు చూద్దాంలే అనుకున్నాడు. తెర మూసి, డబ్బా విప్పి, చల్లారిన అన్నం తిన్నాడు.

సాయంత్రం కౌంటరు మూసి బయటికొచ్చేసరికి సందు మొదట్లో జనం ఉన్నారు. గుండీల కొట్టువాడు ఎదురొచ్చాడు.

"ఎక్కడున్నారు బావగారూ? కంగారులో మీకు కబురు చేయడమే మరిచిపోయాం. మధ్యాహ్నం భోజనానికి లేవబోయి బల్ల పక్కకి ఒరిగిపోయాడండీ మాస్టరు. డాక్టరు వచ్చేసరికే అయిపోయింది."

తాళాలాయన ఆ దుకాణంలోకి ఎన్నడూ అడుగుపెట్టలేదు. ఇప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మాస్టరుని బెంచీ మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. ఆమె మిషను ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ దుప్పటి వైపు చూస్తోంది. అంత నిండుగా ఆమె దేనివైపైనా చూడడం ఆయన ఎరగడు.

నేను పోతే ఇలా కూర్చుంటుందా, అనుకున్నాడు.

అనుకున్నాక తన మీద తనకే రోత పుట్టింది. పోయినవాడి మీద కూడా కుళ్ళుకుంటున్నాడు. పోనీ ఇక ఎవరి మీద కుళ్ళుకోవాలి?

చీకటి పడకముందే మాస్టరు అన్న కొడుకు బండి తీసుకొచ్చాడు. ఎత్తడానికి మనుషులు చాల్లేదు. ఎవరో, "బావగారూ, ఓ చెయ్యి వేయండి" అన్నారు. ఆయన వెళ్ళి కాళ్ళ వైపు పట్టుకున్నాడు. పొట్టి మనిషే గాని బరువుగా ఉన్నాడు. బండి వెళ్ళిపోయింది.

ఇంటికి నడుస్తుంటే ఆమె ఒక్క మాటే అంది.

"నర్సమ్మ ఒకావిణ్ణి పంపుతానని కొలతలు ఫోన్లో చెప్పిందండీ. పొద్దున్నుంచీ వాకిట్లోకి తొంగిచూస్తూనే ఉన్నాడు, రాలేదేమిటి చెల్లెమ్మా అని. పాపం, దారి దొరకలేదేమో ఆవిడకి."

ఆయన ఖాళీ అన్నం డబ్బాని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆయన బల్ల తుడవలేదు. కుర్చీలో కూర్చోకుండానే తెర వెలిగించి, 'తప్పుగా మూశారు' నొక్కాడు. కాసేపు అలాగే నిలబడ్డాడు. ఎవరో ఇద్దరు వచ్చి అద్దం మీద కొడితే, ఆగమని చెయ్యి చూపించాడు. పై ఆఫీసువాళ్ళు తెరిచినట్టు ఆకుపచ్చ గుర్తు వెలగగానే కౌంటరు మూసి, సందులోకి నడిచాడు. ఉద్యోగంలో చేరాక పనివేళ తలుపు మూయడం అదే మొదలు.

దుకాణం తలుపు సగం ఎత్తి ఉంది. ఆయన వంగి లోపలికి వెళ్ళాడు. ఆమె మిషను తుడుస్తోంది.

"తెరిచారు" అన్నాడు.

ఆమె చెయ్యి ఆగింది. "ఏమిటీ, ఇవాళే తెరవాలనిపించిందా వాళ్ళకి?"

"ఇవాళే పంపాను."

ఆమె తల తిప్పి చూసింది. ఆయన కళ్ళు దించలేదు. దించితే తరువాతి మాట రాదని తెలుసు.

"నిన్న ఆవిడ వచ్చింది. నా కౌంటరుకి. తెలీదని నేనే పంపేశాను."

వీధిలో ఏదో బస్సు హారను మోగింది. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం ఆమె విని ఎరగదు.

"ఎందుకండీ?" అంది.

ఇప్పుడు ఆయన కళ్ళు దించాడు.

ఆమె మిషను గుడ్డ పక్కన పడేసి, కత్తిరింపు బల్ల దగ్గరికి నడిచింది. "ఇటొచ్చి ఈ కొస పట్టుకోండి" అంది. ఆ గొంతులో కోపముందో, ఇంకేముందో ఆయనకి అర్థం కాలేదు. వెళ్ళి పట్టుకున్నాడు.

నిన్న ఆవిడ కోసం పరిచిన గుడ్డ పరిచినట్టే ఉంది. భుజం దగ్గర మొదలైన నీలం సుద్దగీత చంక కిందికి చక్కగా వంపు తిరిగి, ఖాళీ వైపుకి వచ్చేసరికి ఆగిపోయింది. ఆగిన చోటే, గుడ్డ మీద, అరిగిన సుద్దబిళ్ళ.