తలుపు లేని వంటిల్లు

నేను ఒక మూడ్ బోర్డును. ఇల్లు తయారయ్యాక ఎలా ఉంటుందో ముందే చూపించి, ఇంటివాళ్లను ఒప్పించడానికి పుట్టిన అట్టను. కాకినాడలో ఇంటీరియర్ డిజైనర్ హరిచందన నా ఒంటి మీద లేతనీలం కర్టెన్ గుడ్డ, టేకు రంగు సన్మైకా ముక్క, హాల్లో కలిసిపోయిన వంటింటి ఫొటో అంటించింది. ఫొటోలో పొయ్యి మీద గిన్నె లేదు. గట్టు మీద నిగనిగలాడే నిమ్మకాయలు మాత్రం ఉన్నాయి. అప్పుడే నాకు నా మీద అనుమానం వచ్చింది.

నన్ను చూసి భాస్కరంగారు మురిసిపోయారు. కొత్తగా కొన్న ఫ్లాటులో వంటింటి గోడ, తలుపు తీయించేయాలని ఆయనకు ముందునుంచీ ఉంది. ఆయన భార్య సత్యవాణి మాత్రం చీరల కొట్లో చేసినట్టే చేసింది. గుడ్డ అంచు నుంచి ఒక పోగు లాగింది. వేలు తడిచేసి రుద్దింది. రంగు దిగలేదు. ఆమె ముఖమూ మారలేదు. వేలు ఫొటో మీదికి జరిగింది.

"ఈ వంటింట్లో ఎప్పుడైనా చేపల పులుసు కాగిందా అమ్మా?"

చిమ్నీ పెడతాం ఆంటీ, వాసన రాదు, వంట చేస్తూనే అందరితో కబుర్లు చెప్పుకోవచ్చు అంది హరిచందన.

"కబుర్లకేం గానీ, తలుపేదీ?"

"తలుపేసుకుని లోపల నువ్వు చేసే రాచకార్యం ఏవిటో," అన్నారు భాస్కరంగారు నవ్వుతూ. ఆ నవ్వు అడుగున ఏళ్లనాటి అనుమానం ఉంది. తలుపేసుకుని ఆమె వాళ్ల చెల్లెలికి ఫోన్ చేసి, తన మీద చాడీలు చెబుతోందని ఆయన లెక్క.

"ఏదో ఒకటిలెండి. తలుపుంటేనే నేను ఆ ఇంటికొచ్చేది."

 మర్నాడు ఆయన హరిచందనకు ఫోన్ చేసి, గోడా తలుపూ ఉంచేయమన్నారు.

పని పోయిన నన్ను సత్యవాణి పారేయలేదు. కొత్త వంటింట్లో మిక్సీ వెనక, గోడ మీద చిందకుండా అడ్డం పెట్టింది. నిమ్మకాయల మీద గోంగూర పచ్చడి పడింది.

ఇక ఆమె గుట్టు తెలుస్తుందని కాచుకున్నాను. మధ్యాహ్నం గడియ పెట్టింది. ఫోన్ తేలేదు. డబ్బాల వెనక చెయ్యీ పెట్టలేదు. పీట మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, కాఫీ వేడిగా ఉండగానే తాగింది.

"ఏం చేస్తున్నావే లోపల?" బయటి నుంచి ఆయన గొంతు.

"పని," అని ఇంకో గుక్క తాగింది.

రోజూ ఇంతే. ఇంతేనంటే నాకింకా నమ్మకం కుదరలేదు. పచ్చడి మరకల చాటునుంచి కాపలా కాస్తూనే ఉన్నాను.