తినని జట్టులో కూడా లేనివాళ్ళు

ఆడపిల్లల ఆకలిని లెక్కలోంచి తీసేసింది మీరే. తెలియక చేసిన పని కాదది. టేపు పట్టుకుని, తూకం మిషను ముందు పెట్టుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, బాగా ఆలోచించి మరీ తీసేశారు. డ్రిల్లు మాస్టర్లు, హెడ్మాస్టర్లు, మద్రాసు నుంచి దిగిన పరిశోధన పెద్దలు, కొడుకును మైదానానికీ కూతురిని బావికీ తోలిన తల్లులు, తండ్రులు, అందరూ తలా ఒక చెయ్యి వేశారు. ఆ పనికి పొయ్యి రాజేసింది మాత్రం సుంకులమ్మ. కూలి లేదు, పేరు లేదు. కాబట్టి ముందు ఆమె పొయ్యి దగ్గరికి పోదాం.

కర్నూలు రాజధాని అయి, సర్కారు ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్న కాలం. ఆదోని బస్సు దిగి ఎండలో రెండు మైళ్ళు నడిస్తే వచ్చే ఊరు. ఆ ఊరి బడిలో డ్రిల్లు మాస్టరు హనుమన్న. ఆయన పెళ్ళాం సుంకులమ్మ. తెల్లవారక ముందే లేచి, నానిన శనగలు పెద్ద కుండకెత్తి పొయ్యి మీద పెట్టడం ఎండాకాలం మొదట్లో ఆమె నెత్తిన పడిన కొత్త పని. ఆ సీమలో దొరికేది పత్తికట్టె. గడ్డిలాగా భగ్గుమని మండి అంతలోనే ఆరిపోతుంది. పొయ్యి ముందు నుంచి లేవడానికి ఉండదు. లేస్తే మంట చస్తుంది, కూర్చుంటే కళ్ళు మండుతాయి. ఇంటి వంట, పాలు పిండడం, పేడ ఎత్తడం, ఇవేవీ తగ్గలేదు. వాటి పైన ఇది.

"పొగకు కండ్లు మండితే సచ్చిపోతావా?" అంటుంది అత్త సిద్దమ్మ, వాకిట్లో వక్కాకు దంచుకుంటూ. "మొగునికి పేరొస్తే పెండ్లానికి రాలేదా?"

ఆ పేరు సంగతి ఇది. మద్రాసులో డ్రిల్లు మాస్టర్లను తయారుచేసే కాలేజీ నుంచి జ్ఞానరాజు అని ఒక పెద్దాయన వచ్చాడు. ఎండు సీమ పిల్లలకు రోజూ గుప్పెడు గుగ్గిళ్ళు పెట్టి వ్యాయామం చేయిస్తే ఒంట్లో బలం ఎంత పెరుగుతుందో తేల్చాలని ఆయన పరిశోధన. బడిలోని మగపిల్లలను రెండు జట్లు చేశాడు. ఒకటి తినే జట్టు. ఒకటి తినని జట్టు. రెండింటికీ ఒకే డ్రిల్లు. నెలనెలా వచ్చి, రెండు రోజులుండి, బరువు, ఎత్తు, ఛాతీ కొలత, దూకిన దూరం చూసుకుని పోతాడు. ఈ లెక్క సజావుగా తేలితే హనుమన్నకు కర్నూలులో ఉద్యోగం ఇప్పిస్తానని మాట కూడా ఇచ్చాడు. ఆ మాట విన్ననాటి నుంచి హనుమన్న ఇంట్లో కూడా ఛాతీ విరుచుకునే నడుస్తున్నాడు.

మరి ఆడపిల్లలు? తినే జట్టులో లేరు. తినని జట్టులోనూ లేరు. తినని జట్టులో ఉన్నవాడి ఆకలిని కనీసం తూకం వేసి చూసేవాడు ఒకడున్నాడు. వీళ్ళ ఆకలికి ఆ గతి కూడా లేదు.

డ్రిల్లు గంట కొట్టగానే ఆడపిల్లలు కడవలు తీసుకుని బావికి పోతారు. మైదానం నల్లరేగడి. ఎండకు బీటలు వారి, కాలు పడితే చాలు దుమ్ము లేస్తుంది. దుమ్ముకు మగపిల్లలు దగ్గుతారని, డ్రిల్లుకు ముందు మైదానమంతా తడపడం ఆడపిల్లల వంతు. అదేదో నిన్న పుట్టిన కట్టుబాటు కాదు. ఆ బడి పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. బావి దిగుడుబావి. ఎండాకాలంలో నీళ్ళు అడుక్కు పోతాయి. మెట్లు దిగాలి, ముంచుకోవాలి, నెత్తిన పెట్టుకుని ఎక్కాలి, చల్లాలి, మళ్ళీ దిగాలి. మగపిల్లలు చేతులు పైకి కిందికి ఆడించి గుగ్గిళ్ళు తింటారు. ఆడపిల్లలు ఖాళీ కడవలు తుడుచుకుని తరగతికి పోతారు. ఇందులో తప్పేమన్నా ఉందని ఎవరికీ తోచలేదు. సుంకులమ్మకు కూడా తోచలేదు, ఆ రోజు దాకా. నిజం చెప్పాలి కదా.

ఆ రోజు ఆమె కుండ నెత్తిన పెట్టుకుని బడికి వచ్చేసరికి జ్ఞానరాజు మిషను దగ్గర ఉన్నాడు. అప్పుడే బావి వైపు కడవ పగిలిన చప్పుడు. ఈరమ్మ అనే పిల్ల, కూలికి పోయేవాళ్ళ బిడ్డ, పదకొండేళ్ళుంటాయి, పై మెట్టు మీద కళ్ళు తిరిగి కూలబడింది. మోకాలు చీరుకుపోయింది. హనుమన్న పరుగున పోయాడు. పోయి అడిగిన మొదటి మాట, "కడవ పాయెనా?"

సుంకులమ్మ కుండ దించి పిల్లను లేవనెత్తింది. "ఏం తిన్యావు పాపా పొద్దున?"

"ఏం తిన్లేదక్కా. అన్న తిన్యాక మిగల్లే."

సుంకులమ్మ చేయి కుండలోకి పోయింది. దానికి ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. గుప్పెడు గింజలు తీసి పిల్ల నోట్లో పెట్టింది.

"ఏమ్మే, ఏం జేస్తాండావు?" హనుమన్న గొంతు మైదానమంతా వినబడింది. "అవి లెక్క గింజలు. తినే జట్టువి."

ఈరమ్మ నమలడం ఆపేసింది. మింగాలో ఉమ్మాలో తెలియక, బుగ్గలు ఉబ్బించుకుని, కళ్ళు మాత్రం మాస్టరు వైపు తిప్పి అట్లాగే కూర్చుంది. ఆ ఆగిపోయిన దవడలు చూసినప్పుడు సుంకులమ్మకు ఒకటి తెలిసింది. ఇన్నాళ్ళు తను వండింది అన్నం కాదు. అన్నమైతే ఆకలైన బిడ్డ నోట్లో ఆగదు.

"మింగు పాపా," అంది. పిల్ల మింగింది.

తర్వాత సుంకులమ్మ చేసిన పని ఆ ఊళ్ళో ఏ ఆడదీ చేయనిది. కొంగు సరిచేసుకుని నేరుగా జ్ఞానరాజు దగ్గరికి పోయి, "సార్, ఈ పిల్లను గూడా మిషను ఎక్కించండి," అంది.

జ్ఞానరాజు చెడ్డవాడు కాడు. నవ్వాడు. నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "చూడమ్మా, ఇది వ్యాయామం మీద పరిశోధన. ఆడపిల్లలు వ్యాయామం చేయరు. చేయనివాళ్ళను కలిపితే లెక్క చెడిపోతుంది."

"నీళ్ళు మోస్తాండారు కద సార్."

"అది పని అమ్మా. వ్యాయామం కాదు. పైగా వాళ్ళు పెద్దమనుషులైతే మధ్యలో బడి మానేస్తారు. లెక్క తెగిపోతుంది."

హనుమన్న మధ్యలో దూరి వెకిలిగా నవ్వాడు. "ఛాతీ గూడా కొల్చాల. ఆడపిల్లోళ్ళకు ఎవురు కొలుస్తారు? నువ్వు కొలుస్తావా?"

"కొలుస్తా."

"నీకు టేపు పట్టుకునేది వస్తాదా?"

"నా రవికెకు ఎవురు కొల్చినారు మరి?"

తినే జట్టు కిసుక్కున నవ్వింది. తినని జట్టు కూడా నవ్వింది. హనుమన్న చెవులు ఎర్రబడ్డాయి.

ఇంటికి వచ్చాక ఆ ఎరుపంతా బయటికి వచ్చింది. "నలుగుర్లో నా పరువు తీసినావు. పొయ్యికాడ కూర్చునేదానికి పరిశోధన మాటలు ఎందుకే? కర్నూలు పోతే నీకు ఈ పొగ తప్పదా? నీకోసరమే కదా నేను ఆయన కాళ్ళెంబడి తిరుగుతాండేది." సుంకులమ్మ కడిగిన చెంబు మళ్ళీ కడిగింది. ఊడ్చిన వాకిలి మళ్ళీ ఊడ్చింది. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే యాడికో పోవాలనిపిస్తోంది. ఆ యాడికో ఏమిటో తెలియడం లేదు. నీకోసరమే అంటాడు. పెళ్ళయిన నాటి నుంచి ప్రతిదీ ఆమెకోసరమే. అందరూ తిన్నాక అడుగంటిన కొర్రన్నం ఆమెకోసరమే మిగిల్చారు. పురుటి పచ్చి ఆరకముందే కలుపుకు పంపింది ఒళ్ళు గట్టిపడాలని, అదీ ఆమెకోసరమే. పోయినేడు నడుము పట్టేసి మంచాన పడితే ఆదోని డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మని అడిగింది. "ఆడోళ్ళ నడుం నొప్పికి డాక్టరు ఏం జూస్తాడు, ఆవుదం పూసుకో," అన్నాడు ఇదే హనుమన్న. మగపిల్లవాడి తొడ కండరం రోజుకోసారి తడిమి చూసే చేతులు ఆయనవి.

ఆమెకు తన కాళ్ళు గుర్తొచ్చాయి. పుట్టింట్లో పీర్ల పండగకు నిప్పుల గుండం చుట్టూ అన్నలకంటే ముందు పరిగెత్తేది. ఊరి ముల్లాసాబు "యా అల్లా, ఇది పిల్లనా లేడినా" అని నవ్వేవాడు. ఒకనాడు రజస్వల అయింది, ఆ పరుగు అక్కడే ఆగింది. కాపురానికి వచ్చిన కొత్తలో దూడ తాడు తెంపుకుంటే దాని వెంట వీధిలో పరిగెత్తి పట్టుకొచ్చింది. ఎవరన్నా మెచ్చుకుంటారేమో అనుకుంది. "కోడలు ఈదిలో ఉరికితే ఇంటి మానం దానెనక ఉరుకుతాది" అంది సిద్దమ్మ. ఆపైన సుంకులమ్మ వాన వచ్చినా నడిచే పోయింది. ఆ కాళ్ళు ఎంత దూరం పోగలిగేవో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఎవరూ కొలవలేదు. కొలవనిది లేనట్టే కదా వీళ్ళ లెక్కలో.

"అత్తా," అంది ఉన్నట్టుండి. "నువ్వు ఎప్పుడన్నా కడుపు నిండా తిన్యావా?"

సిద్దమ్మ వక్కాకు దంచడం ఆపింది. "అదేం మాటే. తినకుంటే బతికినానా?" అంది. ఆపైన ఎవరితోనో అన్నట్టు, "నాయన దినం నాడు తిన్యా. అప్పుడు పిల్చి పెట్టినారు," అంది. మళ్ళీ దంచుకోవడం మొదలుపెట్టింది, ఇంకొంచెం గట్టిగా.

సుంకులమ్మ శనగలు నానబోసింది. రోజూ పోసే దానికంటే ఎక్కువే పోసింది. ఇంటి బానలోవి కూడా వంచింది.

పొద్దున ఆమె కుండ నెత్తిన పెట్టుకుని మైదానం పక్కగా, తినే జట్టు ముందు నుంచే నడిచి బావి దగ్గరికి పోయింది. "కడవలు దించండి పాపా. కూర్చోండి," అంది. ఆడపిల్లలు మాస్టరు వైపు చూశారు. నిన్న ఈరమ్మ దవడలు ఆగిపోవడం అందరూ చూశారు కదా. సుంకులమ్మ తనే ముందు గుప్పెడు తీసి నోట్లో వేసుకుని, నిదానంగా నమిలింది. ఎండాకాలమంతా ఉడకబెట్టింది కానీ ఒక్క గింజ రుచి చూడలేదు. ఉప్పు కొంచెం తక్కువైంది. ఈరమ్మ చేయి చాపింది. ఆ వెనక తక్కిన చేతులు వచ్చాయి. తినని జట్టులో ఒకడు గోడ దగ్గర నిలబడి గుటకలు మింగుతుంటే వాణ్ణీ పిలిచింది.

హనుమన్న వచ్చాడు. ఈసారి అరవలేదు. "నా బతుకు బుగ్గి జేస్తాండావే. ఉద్యోగం పోతాది."

"నీ ఉద్యోగం ఈళ్ళ కడుపులో ఉండాదా?"

జ్ఞానరాజు ఆయన వెనకే వచ్చాడు. కోపం లేదు, దిగులు ఉంది. "ఇన్ని నెలల పని అమ్మా ఇది. ఒక్క పూటలో పాడైపోయింది. నీ బాధ నాకు తెలియక కాదు. వచ్చే ఏడు ఆడపిల్లలకు వేరే పరిశోధన పెట్టిద్దాం. నేను రాస్తాను పైకి."

"వచ్చే ఏటికి ఈ పిల్లకు పెండ్లి జేస్తారు సార్," అంది సుంకులమ్మ, ఈరమ్మ తల మీద చేయి పెట్టి. "అప్పుడు మీరు ఎవుర్ని కొలుస్తారు?"

సుంకులమ్మ జవాబు కోసం ఆగలేదు. ఇంటికి పోతే ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. తలుపు వేసి ఉండొచ్చు. అయినా చెప్పింది.

"ఇనండి సార్, మాస్టరు గూడా ఇనాల. గుగ్గిళ్ళు అందరికీ పెడితేనే ఉడకబెడతా, లేకుంటే మీ పొయ్యి మీరు రాజేసుకోండి. మైదానం తొక్కేటోళ్ళందరూ నీళ్ళు మొయ్యాల, మొగపిల్లోళ్ళు గూడా. ఈళ్ళ ఒళ్ళు నేను కొలుస్తా, మీరు రాసుకోండి. పెద్దమనిషైన పిల్ల బడి మానకుండా నేను ఇల్లిల్లు తిరుగుతా. వచ్చే ఏడు అనొద్దు, పైకి రాస్తా అనొద్దు. డ్రిల్లు గంట ఇప్పుడే కొట్టినారు. ఇంకా అయిపోలేదు. ఈ గంటలోనే ఆడపిల్లల్ని మైదానంలోకి పిలవండి. ఆడపిల్లలూ రండి అని గుంపుగా గాదు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవండి."