వాన ఒరుగు

బెంగాలీ కవయిత్రి రాసిన వాన హైమవతి ఇంటికి ఎండిపోయి వస్తుంది. పుస్తకం ఇరవయ్యో పేజీ విప్పగానే గోధుమరంగు పలుకులుగా ఒళ్లో రాలుతుంది. తడి లేదు, వాసన లేదు.

అనువాదకుడు ముందుమాటలో ఏమీ దాచలేదు. తడి వానను రైలెక్కనివ్వరు కనుక మేడ మీద మూడు రోజులు ఎండబెట్టి తెచ్చానని రాశాడు. హైమవతికి అది సబబుగానే తోస్తుంది.

నాలుగింటికి వీధిలోని ఆడవాళ్లు ఆరుగురు వస్తారు. ఈ వారం కవిత చదివి చెప్పే వంతు ఆవిడది. కవితలో ఒక తల్లి, వాన వస్తున్నా తీగ మీది బట్టలు తీయకుండా నిలబడుతుంది. ఎందుకో హైమవతికి బోధపడదు. తనకు అర్థం కానిదాన్ని బాగుందని చెప్పడం ఆవిడ వల్ల కాదు.

మూకుట్లో నూనె కాగాక గుప్పెడు వాన వేస్తుంది. అది పువ్వులా విచ్చుకుంటుంది. వంటిల్లంతా ఉరుములు. చినుకు మాత్రం పడదు.

అత్తగారు సుందరమ్మ వచ్చి ఒక పలుకు కొరికి చూస్తుంది.

"ఇదేం చోద్యమే! వడియమనుకున్నావా? ఇది ఒరుగు. మామిడి ఒరుగుల్ని వేయిస్తామా, నానబెడతామా?"

"నానబెడతాం అత్తయ్యా."

"మరి? ఇంత చదువూ చదివి ఆ మాత్రం తెలీకపోతే ఎలాగే! వేణ్ణీళ్లు పోసి మూత పెట్టు."

"ఎంతసేపు?"

"తొందరపడకపోతే అరగంట. తొందరపడితే రెండ్రోజులు."

హైమవతి మిగిలిన వానను ఇత్తడి గిన్నెలో నానబెట్టి, పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. మూత ముట్టుకోదు.

నాలుగింటికి మూత దానంతటదే లేస్తుంది. గిన్నెలోంచి వాన పైకప్పు వైపు కురవడం మొదలుపెడుతుంది. ఒక చినుకు ఆవిడ చెంపకు తగులుతుంది. అమ్మ అరచేయంత వెచ్చగా ఉంది. బట్టలదేముంది, మళ్లీ ఆరతాయి.

ఆరుగురూ గొడుగులు గుమ్మంలో వదిలి, తడుస్తూ కూర్చుంటారు. ఎవరూ అర్థం అడగరు.

హైమవతి గిన్నెలోకి తొంగి చూస్తుంది. అడుగున ఎండ కాస్తోంది. పుస్తకం అట్ట మీది ఫొటోలోని ముసలి కవయిత్రి, అదే కళ్లజోడుతో, కత్తిపీట ముందు కూర్చుని ఈ వంటింటిని తరుగుతోంది, తన ఊరు తీసుకెళ్లడానికి. కిటికీ తరగడం అయింది. సుందరమ్మ నవ్వు సగం అయింది.

"ఇంకాస్త పలచగా తరగండి," అంటుంది హైమవతి. "నానబెట్టుకోమని ముందుమాటలో రాయడం మాత్రం మరిచిపోకండి."

ఆ మాటలు కూడా పలచని ముక్కలై చాప మీద ఎండలో పరుచుకుంటాయి.