గొర్రెలకాపరికి తెలియని సంగతి

డ్రైవింగ్ స్కూలు కారులో పక్కసీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడి కంట్లో ప్రమాదం పడేలోపే దాన్ని తొక్కేయడం మాస్టారి ఉద్యోగం. ఏళ్ళ తరబడి అదే పనిగా బతికిన ఆయన్ని మేనకోడలు తన ఆదివారం ఆటలోకి లాక్కొచ్చింది. ఒక మనిషి తగ్గాడు, నువ్వు రావాల్సిందేనని పట్టుబట్టింది.

ఆట జరిగేది చెప్పుల దుకాణం మీది గదిలో, మధ్యాహ్నం పూట. మేనకోడలు కథ చెబుతుంది. అడవులూ కోటలూ మంత్రగాళ్ళూ అన్నీ ఆమె నోట్లోంచే పుడతాయి. తక్కినవాళ్ళు తలో పాత్రా తీసుకుని, తమ మనిషి ఏం చేస్తాడో చెబుతుంటారు. చేసింది ఫలించిందా బెడిసికొట్టిందా అన్నది పాచికలు తేలుస్తాయి. కట్టుడుపళ్ళు చేసే అమ్మాయి అందులో వైద్యురాలు. ఇళ్ళలో వైర్లు లాగే ఎలక్ట్రీషియన్ కుర్రాడు దొంగ. మాస్టారేమో మందను పోగొట్టుకుని కత్తి పట్టిన గొర్రెలకాపరి, ఒట్టి అమాయకుడు.

మొదట్లో సిగ్గుపడ్డా, త్వరలోనే ఆయన పీకల్లోతు మునిగిపోయారు. మంచుకొండ మీద దొంగ తన కంబళి సగం గొర్రెలకాపరికి కప్పాడు. ఏట్లో కొట్టుకుపోతుంటే జుట్టు పట్టి ఒడ్డుకు లాగాడు. ఆ ఆదివారం మాస్టారు ఇంటికి వెళ్ళి, నిజంగానే ఎవరో తనను కాపాడినట్టు భార్యకు చెప్పుకున్నారు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. దొంగ ఒంటరిగా ఊళ్ళోకి వెళ్ళినప్పుడు కోట దొర వాణ్ణి పట్టుకుని బేరం పెట్టాడు: నీ చెల్లెలు నా చెరలో ఉంది, ఆ గొర్రెలకాపరిని తెచ్చి అప్పగిస్తే వదిలేస్తాను. ఎలక్ట్రీషియన్ చాలాసేపు గడ్డం గోక్కుని, సరేనన్నాడు. గదిలో ఉన్నవాళ్ళంతా విన్నారు.

అంతే, గొర్రెలకాపరికి ఎక్కడలేని తెలివీ పుట్టుకొచ్చింది. దొంగను ముందు నడవమన్నాడు. వాడి సంచి వెతుకుతానన్నాడు. వాడు తెచ్చిన నీళ్ళు దాహం లేదని పక్కన పెట్టాడు. కట్టుడుపళ్ళ అమ్మాయి నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది.

మేనకోడలు కథ ఆపింది. "మామయ్యా, ఆ బేరం సంగతి నీకు తెలుసా, గొర్రెలకాపరికి తెలుసా?"

"ఇద్దరూ నేనే కదమ్మా."

"నువ్వు ఈ కుర్చీలో కూర్చుని విన్నావు. అతను ఆ వేళ చెట్టుకింద నిద్రపోతున్నాడు."

"అయితే తెలిసి తెలిసి గోతిలో పడమంటావా?"

"తెలియనివాడు ఎలా నడుస్తాడో అలా నడవమంటున్నా, అంతే."

మాస్టారు ముఖం ముడుచుకుని ఇంటికి వచ్చారు. జరిగింది విన్న భార్య, పిల్ల అన్నదాంట్లో తప్పేముందని అడిగింది. తను నోరు తెరిస్తే చాలు, మిగతా సగం ఆయనే పూర్తి చేస్తారనీ, అది ఒక్కసారైనా తను చెప్పబోయిన సగం కాదనీ కూడా అంది.

వారమంతా పాఠాల మధ్య గొర్రెలకాపరే గుర్తొచ్చాడు. వాడికి తెలిసిందెంత? కంబళి తెలుసు. ఏరు తెలుసు. ఆ లెక్కన వాడికి దొంగను మించిన ఆప్తుడు లేడు.

మరుసటి ఆదివారం దొంగ ఒక సొరంగం చూపించి, ఇదే దగ్గరి దారి అన్నాడు. లోపల ఏముందో అందరికీ తెలుసు. మాస్టారు మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టారు.

"నువ్వు చెబితే సరే. వంగి పోవాలి కదా, ఈ కత్తి అడ్డం. కాస్త నువ్వు పట్టుకో."

పళ్ళ అమ్మాయి అయ్యో అని గొణిగింది. ఎలక్ట్రీషియన్ పాచికలను గుప్పిట్లోకి తీసుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. మనసు మార్చుకుంటాడనే మాస్టారు అనుకున్నారు. మారలేదు. దొంగ కత్తి పట్టుకుని పక్కకు తప్పుకున్నాడు, భటులు మీద పడ్డారు. ఇలా జరుగుతుందని వారం ముందే తెలిసినా, లేని బ్రేకు కోసం ఆయన కాలు నేలను తొక్కింది.

చెరసాల ఊచల దగ్గరికి దొంగ వచ్చాడు. ఏమంటావని మేనకోడలు అడిగింది. మాస్టారికి కోపం లేదు. మీ చెల్లెలు దక్కిందా అని అడగబోయారు. "మీ..." అనగానే నాలుక కరుచుకున్నారు. చెల్లెలనేది ఒకతె ఉందనే గొర్రెలకాపరికి తెలియదు. క్షమించాలన్నా వాడికి తెలిసిన కారణమేదీ లేదు.

"ఎందుకు చేశావురా?" అని మాత్రం అడిగారు.

ఎలక్ట్రీషియన్ తలవంచుకుని మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. ఆ గదిలో తెలియనివాళ్ళు లేని కథే. మాస్టారు మధ్యలో అందుకోకుండా, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చివరిదాకా విన్నారు.

"ఎన్నేళ్ళు ఆ పిల్లకి?"

ఎలక్ట్రీషియన్ తలెత్తాడు. ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు, అతను ఆలోచించనూ లేదు. "తొమ్మిది," అన్నాడు మెల్లగా. "ఎడంచేతి వాటం. నేను లేకపోతే అన్నం తినదు."

మేనకోడలు ఆ పూటకి కథ అక్కడే ఆపేసింది. మెట్లు దిగుతూ, నువ్వు చెరసాల దగ్గరుంటే ఆ పిల్లకి అన్నం ఇప్పుడు ఎవరు పెడుతున్నారని మాస్టారు ఎలక్ట్రీషియన్ని అడిగారు. బస్టాపు దాకా ఇద్దరూ దాని గురించే మాట్లాడుకున్నారు.