అమ్మ చదివి వినిపించిన మాటలు

ముప్పై ఒక్క ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన ఆవిడని, గ్రంథాలయం మేడమీద వేసవి బడికొచ్చే పిల్లలు ‘తప్పులమ్మమ్మ’ అనేవాళ్ళు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆవిడా ‘ఓయ్’ అని పలికేది.

సెలవుల్లో నలభై ఐదు రోజులు, పొద్దున్న తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఆ బడి. వచ్చేవాళ్ళలో చదవడం సరిగా రాని పిల్లలే ఎక్కువ. పాఠ్యపుస్తకం చూస్తేనే వాళ్ళకి ఒళ్ళు వెచ్చబడేది. అందుకని ఆవిడ ఇంట్లో దాచుకున్న పాత ప్రూఫు కాగితాలు తెచ్చి పంచింది. “ఇవన్నీ పెద్దవాళ్ళ పనే. నిండా తప్పులు. పట్టండి చూద్దాం” అంది. ‘నీళ్ళలో కరగని సబ్బు’ అని ఉండాల్సిన చోట ‘నీళ్ళలో కరవని సబ్బు’ అని దొరికిన రోజున గది గదంతా పడీ పడీ నవ్వింది.

గిలక్కాయ మూడో రోజున వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఆ పేరు వాళ్ళ నాన్న పెట్టిందట, నిద్రలో తప్ప నోరు మూయదని. వెంట వచ్చిన తల్లి చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుడుతుంది. పిల్ల కిటికీ దగ్గరకి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి చెప్పింది.

“పుస్తకమిస్తే గడగడా చదివేస్తుంది మేడమ్. కానీ అక్షరం రాదు. ఎవరైనా చదవగా వినేసి ఒప్పజెప్పేస్తుంది.”

తప్పులమ్మమ్మ పిల్ల సంచీలోని కథల పుస్తకమే తీసి ఇచ్చి చదవమంది. మధ్యలో కావాలని రెండు పేజీలు కలిపి తిప్పింది. పిల్ల తిప్పేసిన పేజీలోని కథ కూడా పొల్లుపోకుండా చదివేసింది.

“మరి ఇప్పుడంత తొందరేం వచ్చింది? పైయేడు నేర్చుకోవచ్చుగా?”

“వాళ్ళ నాన్న కోసం” అంది తల్లి. “బస్టాండులో మైకులో చెప్పేది ఆయనే.”

ఆ గొంతు ఊరందరికీ తెలుసు. ఏ బస్సు ఎన్నో నంబరు ప్లాట్‌ఫారంలో ఉందో ఇరవై ఏళ్ళపాటు చెప్పిన గొంతు. నాలుగు నెలల కిందట గొంతులో రాచపుండని తేలి, ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఇప్పుడాయన ఏం చెప్పాలన్నా నోటుపుస్తకంలో రాస్తాడు. భార్య చదివి పిల్లకి చెబుతుంది.

“నేను పనికెళితే ఇక ఇద్దరికీ సైగలే. ఆయన మంచినీళ్ళంటే ఇది దువ్వెన తెచ్చిస్తోంది. ఎలాగైనా చదవడం వచ్చేలా చూడండి మేడమ్.”

ప్రూఫు కాగితాల ముందు గిలక్కాయ ఆటలు సాగలేదు. తప్పుల్ని ఎవరూ చదివి వినిపించరు కదా. వేలు పెట్టి ఒక్కో అక్షరమే చూసుకుంటూ పోవాలి. మొదటి వారం ఏడ్చింది. రెండో వారం ‘మ’కీ ‘య’కీ తేడా పట్టింది. మూడో వారానికి ఒత్తులు కూడబలుక్కుంది. నాలుగో వారంలో ఒక పొద్దున్న పేజీ మొత్తం చదివి, రెండు తప్పులు పట్టి, తప్పులమ్మమ్మ కూడా చూడని మూడోది పట్టి చూపించింది.

“ఇంకేం కావాలే! పోయి మీ నాన్నకి చదివి వినిపించు” అంటూ ఆవిడ సంబరంగా పిల్ల బుగ్గలు పుణికింది.

మర్నాటి నుంచి గిలక్కాయ మోగలేదు. వచ్చేది, ఇచ్చిన కాగితం దిద్దేది, వెళ్ళిపోయేది.

నాలుగో రోజు తల్లి వచ్చింది. ఫ్యాక్టరీలో గంట పర్మిషన్ అడిగి వచ్చిందట. “నెల కావస్తోంది మేడమ్. రాత్రి కూడా అడిగాను, ‘నీళ్ళు’ అన్నమాట చూపించి. తెల్లమొహం వేసింది. మా రాత ఇంతేనేమో!”

తప్పులమ్మమ్మ నోరు తెరవబోయి పిల్ల వైపు చూసింది. పిల్ల బల్ల అంచు పట్టుకుని, వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది.

“ఇంకొన్నాళ్ళు చూద్దాం తల్లీ” అంది ఆవిడ.

తల్లి వెళ్ళాక పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది. “ఏమిటే ఇది?”

“అమ్మ తప్పు చదువుతోంది” అంది గిలక్కాయ.

“అంటే?”

“నాన్న రాసింది ఒకటి, అమ్మ చదివింది ఒకటి. ‘డాక్టరు ఇక చేసేదేం లేదన్నాడు, పిల్లకి ఎప్పుడు చెబుదాం’ అని రాశారు నాన్న. అమ్మ అదే కాగితం పట్టుకుని, ‘బడి తెరిచేలోగా ముగ్గురం సముద్రం చూడ్డానికి వెళదామంటున్నారు నాన్న’ అని చదివింది. ఒక్క అక్షరం కూడా కలవలేదు తప్పులమ్మమ్మా.”

“నువ్వేమన్నావు?”

“బస్సులోనా రైల్లోనా అని అడిగాను.”

“చదవడం వచ్చని అమ్మకి చెప్పెయ్యకూడదూ?” అంది ఆవిడ.

“చెబితే పుస్తకం నాకు కనపడకుండా దాచేస్తారు. నాన్న రాయడం మానేస్తారు. అప్పుడు నొప్పిగా ఉందని అమ్మకి ఎలా చెబుతారు?”

మర్నాడు బడి అయ్యాక పిల్లతోపాటు తప్పులమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళింది. తల్లి పనిలో ఉంది. కిటికీ పక్క మంచం మీద ఆయన దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. మెడకి తెల్లటి గుడ్డ. పిల్ల వంటగదిలోకి వెళ్ళగానే ఆయన పుస్తకం అందుకుని రాశాడు.

‘దానికి చదవడం వచ్చింది. నాకు తెలుసు. నేను రాస్తుంటే దాని కళ్ళు పంక్తి వెంట నడుస్తున్నాయి.’

“మీ ఆవిడకి చెప్పారా?”

‘లేదు. ఆ సముద్రం కబుర్లు చెప్పేటప్పుడే తను కాస్త నవ్వుతోంది. ఆ నవ్వు కూడా ఎందుకు లాక్కోవడం? పిల్ల చూస్తోందని నొప్పి సంగతి రాయడమే మానేశాను.’

ఏది ఆగిపోతుందని పిల్ల భయపడిందో అది ఎప్పుడో ఆగిపోయింది. ముగ్గురూ ఒకరినొకరు కాపాడుకుంటూ ఎవరి మూల వాళ్ళు కూర్చున్నారు.

“మరి ఎవరితో చెప్పుకుంటున్నారు?” అని అడిగింది. ఆయన కలం మంచం మీద పెట్టేసి కిటికీలోంచి బయటికి చూశాడు.

పిల్ల నీళ్ళ గ్లాసుతో వచ్చింది. తప్పులమ్మమ్మ గ్లాసు తీసుకుని, పుస్తకం పిల్ల ఒళ్ళో పెట్టి, కలం ఆయన చేతికిచ్చింది. “మీరు రాయండి. నువ్వు పైకి చదువు. ఇద్దరికీ అన్నీ తెలుసు. ఇక చాలు.”

ఆయన రాసింది చిన్న మాటే. పిల్ల వేలు పెట్టి చదివింది.

“నా... కు... భ... యం... గా... ఉం... ది.”

చదివేశాక అర్థమైంది దానికి. పుస్తకం పక్కనపెట్టి నాన్న చేతిలో మొహం దాచుకుంది. “నాక్కూడా నాన్నా” అంది.

తప్పులమ్మమ్మ గ్లాసు గట్టు మీద పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా బయటికి వచ్చేసింది.

ఆ సాయంత్రం ఆయనే భార్యకి రాసి చెప్పాడట. తర్వాత పదకొండు రోజులు పిల్ల బడికి రాలేదు. నాన్న పక్కనే ఉండి ఆయన రాసిందల్లా చదివింది, తిట్లు కూడా చదివింది, చదివి నవ్వింది. చివరి రెండు రోజులు ఆసుపత్రిలో. పన్నెండో రోజు పొద్దున్న బస్టాండు ఉద్యోగులు పాడె వెంట గ్రంథాలయం ముందునుంచే నడుచుకుంటూ వెళ్ళారు. అప్పుడు తెలిసింది ఆవిడకి.

బడి ముగిసిన వారానికి తల్లీకూతుళ్ళు మేడ మెట్లెక్కి వచ్చారు. తప్పులమ్మమ్మ కాగితాలు కట్టలు కడుతోంది. తల్లి నిలబడే ఉంది.

“ఆరోజు మీరు నాతో అబద్ధమాడారు మేడమ్.”

“ఆడాను తల్లీ.”

“నేను సముద్రమన్నాను, పడవన్నాను, ఇసకలో గవ్వలన్నాను. ఇది అన్నిటికీ ఊఁ కొట్టింది. గవ్వలు వేసుకోడానికి సంచీ కుట్టిపెట్టమంది. కుట్టాను కూడా!” అని కుర్చీలో కూలబడింది. “తెలిసీ కుట్టించుకుందే...”

గిలక్కాయ వచ్చి తల్లి భుజానికి ఆనుకుని నిలబడింది. తల్లి ఏడుపు ఆపుకుని సంచీలోంచి నోటుపుస్తకం తీసి, చివరి పేజీ తెరిచింది.

“ఆసుపత్రిలో రాశారు. అప్పటికే చెయ్యి నిలవడం లేదు. నాకూ తెలియలేదు, దీనికీ తెలియలేదు. మీరు ఎన్నో రాతలు చూసి ఉంటారు.”

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని చూసింది. కాగితాన్ని వెలుగువైపు తిప్పింది. ఎంత గజిబిజి రాతనైనా విప్పగలదని అచ్చాఫీసులో పేరు ఆవిడకి. ఇక్కడ ఉన్నవి గీతలు. ఒకదాని మీదకి ఒకటి ఎక్కి, కాగితం అంచు దాటిపోయిన గీతలు. ఏదో ఒకటి చదివెయ్యొచ్చు. ఇద్దరూ నమ్మేస్తారు. తల్లి ఆవిడ పెదవుల వైపే చూస్తోంది.

“చదవలేకపోతున్నానమ్మా” అంది ఆవిడ. “మొదటి అక్షరం ‘ని’ కావచ్చు. ‘నీ’ కూడా కావచ్చు. అంతకు మించి తెలియడం లేదు.”

ముగ్గురూ ఆ కాగితం మీదకి వంగారు. నిద్ర కావచ్చు. నిన్ను కావచ్చు.

“నీళ్ళేనేమో” అంది తల్లి. “నీళ్ళే అడిగి ఉంటారు. పక్కనే ఉన్నాయి, ఇచ్చేదాన్నే.”

గిలక్కాయ తప్పులమ్మమ్మ చేతిలోంచి పుస్తకం తీసుకుని, మొదటి అక్షరం మీద వేలు పెట్టి, మళ్ళీ మొదటినుంచి చూడడం మొదలుపెట్టింది.